సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు

పాత బండిలో కొత్త ఇంజన్ దించిన వాళ్ల ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. ఇంజన్ దించడం, మౌంటింగులు కొట్టించడం, గేర్‌బాక్సు కలపడం అందరూ బాగానే చేసుకున్నారు, అందరూ ఆగిపోయింది వైరింగ్ దగ్గరే. అందుకని టైర్లవీ ఏసీలవీ వచ్చే నెలకు పెట్టి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. మొదటి జవాబు కొంచెం పొడుగు. అందులోని తప్పు నా షెడ్డుకు వచ్చే బండ్లలో నేను పదే పదే చూస్తున్న తప్పు కాబట్టి పూర్తిగా రాయాలనిపించింది.

ప్రశ్న: అన్నా, మాది ఆదోని. నా దగ్గర 1997 మోడల్ జిప్సీ ఉంది, కార్బురేటర్ బండి. ఇంజన్ ఆయిల్ తాగి పొగ కక్కుతుంటే బోరు చేయించే బదులు, అదే 1300 సీసీలో తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఇంజెక్టర్లతో చల్లే) ఇంజన్ స్క్రాపులో దొరికితే తెచ్చి దించినాము. ఇంజనుతో పాటు ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె), కొంత వైరింగ్ ఇచ్చినారు. మా ఊరి ఎలక్ట్రీషియన్ మూడు రోజులు కూర్చొని కలిపినాడు. సెల్ఫ్ కొడితే బాగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. విసుగొచ్చి తాళం వదిలేసినప్పుడు మాత్రం ఒక్కోసారి బుడుక్‌మని ఒక దెబ్బ అందుకొని ఆగిపోతుంది. ఈసీఎం పోయింది, ఇంకొకటి కొను అంటున్నారు. కొనాలా?

జవాబు: కొనొద్దు తమ్ముడూ. తాళం వదిలేసినప్పుడు ఒక దెబ్బ అందుకుంటోంది అన్నావు చూడు, జబ్బు ఏంటో ఆ మాటలోనే ఉంది. ఈసీఎం నిజంగా పోయి ఉంటే ఆ ఒక్క దెబ్బ కూడా రాదు.

పాత బండి తాళం స్విచ్చులో, తాళం ఆన్‌లో పెట్టగానే కరెంటు వచ్చే వైర్లు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి స్పార్కు పుట్టించే కాయిల్‌కు పోయేది, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ దాంట్లో కరెంటు ఉంటుంది. రెండోది వైపరు, ఫ్యాను, రేడియో లాంటి వాటికి పోయేది. బ్యాటరీ బలమంతా సెల్ఫ్ మోటారుకే పోవాలని, సెల్ఫ్ కొట్టేంతసేపూ దీన్ని స్విచ్చే కట్ చేస్తుంది. తాళం ఆన్‌లో పెట్టి టెస్ట్ ల్యాంపుతో చూస్తే రెండూ ఒకే మాదిరి వెలుగుతాయి కాబట్టి ఏది ఏదో తెలియదు, దగ్గర్లో ఉన్నదాన్ని పట్టుకుని ఈసీఎంకు ఇచ్చేస్తారు. మీ ఎలక్ట్రీషియన్ చేతికి చిక్కింది ఆ రెండోది అని నా అనుమానం. అట్లా అయితే నువ్వు తాళం తిప్పగానే ఒక పక్క సెల్ఫ్ తిరుగుతుంది, ఇంకో పక్క ఈసీఎం ఆరిపోతుంది. నువ్వు వదలగానే తాళం స్ప్రింగుకు వెనక్కి వస్తుంది, ఈసీఎం లేస్తుంది, ఇంజన్ ఇంకా ఆ ఊపులో కాస్త తిరుగుతూ ఉంటుంది కదా, ఒక స్పార్కు పడి బుడుక్‌మంటుంది, అంతలోనే ఊపు చచ్చి ఆగిపోతుంది.

తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టు. నల్ల వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర వైరు ఈసీఎం కప్లర్ (వైర్లన్నీ కలిసే సాకెట్) వెనక నుంచి, తాళం కరెంటు వచ్చే పిన్నుకు ఆనించి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమను. ఆన్‌లో 12 పైన చూపించి సెల్ఫ్ కొట్టగానే సున్నా అయితే నేను చెప్పిందే. సున్నా కాకుండా 7, 8 దగ్గరికి జారుతుంటే బ్యాటరీ గానీ ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి) గానీ వీక్‌గా ఉన్నట్టు. 10కి అటూ ఇటూగా నిలబడితే ఆ వైరుది తప్పేమీ లేదు, అప్పుడు నాకు మళ్లీ రాయి.

సున్నా అయితే, సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా కరెంటు ఉండే వైరును వెతికి పట్టుకో. దాన్ని నేరుగా ఈసీఎంకు ఇవ్వకు, ఒక రిలేకు (కాస్త కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) ఇవ్వు. ఆ రిలే బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా తెచ్చిన కరెంటును ఈసీఎంకు అందించాలి. దాదాపు ముప్పై ఏళ్ల స్విచ్చు లోపల రాగి మచ్చలు పడి అరిగిపోయి ఉంటుంది, ఇంజన్ బరువు మొత్తం దాని మీద వేయకూడదు. ఇంకో సంగతి, కొన్ని పాత బండ్లలో కాయిల్‌కు పోయే దారిలో ఒక రెసిస్టెన్స్ పెట్టి ఉంటారు, ఇంజన్ నడిచేటప్పుడు కాయిల్ దగ్గర 12 రావు. ఆ వైరును ఈసీఎంకు ఇస్తే అది అర్ధాకలితో పనిచేస్తుంది, ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు మొండికేస్తుంది. కాబట్టి ఎక్కడి నుంచి తీసుకున్నా ముందు మీటరు పెట్టి చూడు.

ఇది సరిచేశాక బండి స్టార్ట్ అయినా అక్కడితో వదిలేయకు. "కొంత వైరింగ్ ఇచ్చినారు" అని రాశావు, నాకు దిగులు పుట్టించిన మాట అదే. పాత కార్బురేటర్ ఇంజన్‌కు పోయే వైర్లు పది కూడా ఉండవు, అవి చేసే పని కరెంటును మోయడం ఒక్కటే. మోసే దారిలో అర వోల్టు పోయినా లైటు కాస్త మసకబారుతుంది, అంతే. ఎంపీఎఫ్ఐలో సగం వైర్లు మోసేది కరెంటు కాదు, కబురు. ఈసీఎం చాలా సెన్సార్లకు 5 వోల్టులు పంపుతుంది, సెన్సారు అందులోంచి 1 వోల్టో 2 వోల్టులో 4 వోల్టులో తిరిగి పంపుతుంది, ఆ అంకెను బట్టే ఎంత పెట్రోలు చల్లాలి, స్పార్కు ఎప్పుడు ఇవ్వాలి అని ఈసీఎం లెక్క కడుతుంది. మెలేసి టేపు చుట్టిన ఒక జాయింటులో అర వోల్టు పోతే ఆ లెక్క అంతా తప్పుతుంది. ఇంజన్ మిస్ అవుతుంది, మైలేజీ పడిపోతుంది, ఎక్కడా వైరు తెగి ఉండదు, ఏ ఫ్యూజూ పోయి ఉండదు. నెలల తరబడి ప్లగ్గులూ పంపులూ మారుస్తూ డబ్బు పోసిన వాళ్లను నేను చూశాను.

మన ఎండల్లో టేపు జాయింట్ల గతి ఏంటో నీకు నేను చెప్పక్కర్లేదు. మే నెలలో ఆదోనిలో బానెట్ కింద చెయ్యి పెట్టి చూడు. టేపు బంక కరిగి నల్లగా కారుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది, చుట్ట వదులై లోపల రాగి పచ్చబడుతుంది, వేలితో లాగితే ఊడి వస్తుంది. సెన్సారు వైర్ల జాయింట్లు సోల్డరు పెట్టి గానీ మంచి క్రింపింగ్ చేసి గానీ, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వేయించు. ఒకే చోట ఇరవై జాయింట్లు గుత్తిగా రాకుండా ఒక్కోటి రెండు మూడు అంగుళాల తేడాతో వచ్చేట్టు చూడు. సెన్సార్ల మైనస్ వైర్లను దగ్గర్లో ఉన్న బాడీ బోల్టుకు కట్టేశారేమో కూడా చూడు, అవి ఈసీఎంకే వెనక్కి పోవాలి. క్రాంక్ సెన్సారు (ఇంజన్ తిరగడాన్ని ఈసీఎంకు చెప్పేది) వైరు మీద జాలీ తొడుగు ఉంటే ఒక కొస మాత్రమే ఎర్త్‌కు కట్టాలి, ఆ వైరును ప్లగ్గు వైర్లకూ ఆల్టర్నేటర్‌కూ దూరంగా పోనివ్వాలి. రెండు పిన్నుల క్రాంక్ సెన్సారుకు వైర్లు అటూ ఇటూ మారినా ఇంజన్ సతాయిస్తుంది.

టెస్ట్ ల్యాంపును ఈసీఎం వైర్ల దగ్గరికి రానివ్వొద్దు. లోపల బల్బు ఉండే ఆ ల్యాంపు లాగే కరెంటును సెన్సారు వైరు తట్టుకోలేదు, ఉన్న ఈసీఎం కాస్తా పోతుంది. ఇంజెక్టరుకు ఒక పక్క తాళం ఆన్‌లో ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి, ఈసీఎం రెండో పక్కన మైనస్‌ను కలిపి విడదీసి దాన్ని పనిచేయిస్తుంది. ఈ సంగతి తెలియక రెండో పిన్నులో కరెంటు లేదని అక్కడికి బ్యాటరీ ప్లస్ తెచ్చి కలిపిన బండి ఒకటి నా షెడ్డుకు వచ్చింది. ఆ ఈసీఎం లోపల కాలిన వాసన పెట్టె విప్పకముందే తెలిసింది.

పెట్రోలు పంపు ఎట్లా కలిపారో రాయలేదు. ఈ ఇంజన్‌కు సుమారు 3 బార్ ప్రెషర్ కావాలి, కార్బురేటర్ పంపు ఇచ్చేది అందులో పదో వంతు. కాబట్టి కరెంటు పంపు, దానికి 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 ఎంఎం వైరు, ఆ ప్రెషర్‌కు తగ్గ పైపు, ఆ పైపుకు తగ్గ క్లిప్పులు, ఇవన్నీ ఉండాలి. తాళం ఆన్ చేయగానే వెనక రెండు మూడు సెకన్లు సన్నగా మూలిగి ఆగిపోవాలి, ఇంజన్ తిరిగితేనే మళ్లీ మొదలవ్వాలి, ఎందుకంటే దాని రిలే ఈసీఎం చేతిలో ఉంటుంది. ఈ రిలే వద్దులే అని పంపును నేరుగా తాళానికి కలిపే వాళ్లున్నారు. తమ్ముడూ, దయచేసి ఆ పని చేయొద్దు. బండి ఎక్కడైనా గుద్దుకుని పైపు తెగి ఇంజన్ ఆగిపోయినా, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ పంపు వేడి ఇంజన్ మీద పెట్రోలు చల్లుతూనే ఉంటుంది.

ప్రశ్న: మాది గుంతకల్లు. 1995 మారుతి 800లో ఎంపీఎఫ్ఐ ఇంజన్ పెట్టించుకున్నాను. పగలు ఏ ఇబ్బందీ లేదు. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, ఐడిల్‌లో ఇంజన్ ఊగుతుంది. లైట్లు ఆపితే ముల్లు దిగుతుంది. రేడియేటర్ కడిగించాను, థర్మోస్టాట్ మార్పించాను, తగ్గలేదు.

జవాబు: లైటు స్విచ్చుకు ఇంజన్ వేడికీ సంబంధం లేదు కదండీ. స్విచ్చు వేయగానే ముల్లు లేస్తోందంటే ఎర్త్ చాలడం లేదు. రేడియేటర్ జోలికి ఇక పోవద్దు.

రెండు హెడ్‌లైట్లు కలిపి 10 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. ఆ కరెంటంతా బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి. బాడీకీ ఇంజన్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే మైనస్ పట్టీల్లో ఒకటి ఇంజన్ దించేటప్పుడు విప్పి మళ్లీ కట్టకపోయినా, పెయింటు మీద కట్టినా, తిరిగొచ్చే కరెంటు దారి లేక అడ్డమైన చోట్లా దూరుతుంది. సెన్సార్ల కబురు, మీటరు ముల్లు అన్నీ ఆ ఎర్త్‌నే నమ్ముకుని ఉన్నాయి కాబట్టి అవన్నీ తప్పుతాయి.

ఇది తేలిగ్గా తీసుకునేది కాదని నాకు తెలిసొచ్చిన రోజు ఒకటుంది. అనంతపురంలో షెడ్డు పెట్టిన కొత్తలో ఒక డీజిల్ జీపుకు ఇంజన్ మార్చాను. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు ఉండే అల్లిక పట్టీని విప్పింది నేనే, తిరిగి కట్టడం మరిచిపోయిందీ నేనే. మౌంటింగులు కొత్త రబ్బర్లు, కాబట్టి ఇంజన్‌కు బాడీతో ఇనుము తగిలే చోటే లేదు. సెల్ఫ్ కొడితే మొద్దుగా, బరువుగా తిరిగింది. బ్యాటరీ దిగిందేమో అనుకుని ఇంకో బ్యాటరీ పెట్టి కొట్టాను. మూడోసారికి డ్యాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ వచ్చింది, ప్లాస్టిక్ కాలిన వాసన. చూస్తే యాక్సిలరేటర్ కేబులు. సెల్ఫ్ మోటారు తాగే వంద పైచిలుకు ఆంపియర్లు వెనక్కి రావడానికి వేరే దారి లేక ఆ సన్నటి ఉక్కు తీగ గుండా వచ్చాయి, లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకు అతుక్కుపోయింది. పెడల్ తొక్కితే దిగింది గానీ పైకి రాలేదు. షెడ్డులో నిలబడ్డ బండి కాబట్టి సరిపోయింది, అదే హైవే మీద అయ్యుంటే అనే ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ తర్వాత ఇంజన్ దించిన ఏ బండికైనా తాళం చేతికి తీసుకునే ముందు మైనస్ పట్టీలు చేత్తో లాగి చూస్తాను.

మీరు చేయాల్సింది ఇది. మీటరు ఎర్ర వైరు ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకు, నల్ల వైరు బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు ఆనించి లైట్లు వేయండి, 0.1 వోల్టు దాటకూడదు. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.3 దాటకూడదు. తర్వాత ఎర్ర వైరు బాడీకి పెట్టి మళ్లీ చూడండి. ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడి పట్టీ. పెయింటు గీకి, తెల్లటి ఇనుము కనిపించాక పళ్ల వాషరు వేసి బోల్టు బిగించి, బిగించాక పైన గ్రీజు పూయండి. రేకు స్క్రూలతో ఎర్త్ కట్టనివ్వొద్దు, రెండు వానలకు తుప్పు పడుతుంది.

అన్నట్టు, మౌంటింగులకు ఇంకేమైనా వెల్డింగ్ పని మిగిలి ఉంటే బ్యాటరీ వైర్లు రెండూ తీసి, ఈసీఎం కప్లర్ కూడా ఊడదీసిన తర్వాతే వెల్డింగ్ పెట్టించండి.

ప్రశ్న: నమస్కారమండీ. మాది ప్రొద్దుటూరు. మా నాన్నగారి అంబాసిడర్ 1980ల నాటిది, ఆయన పోయినా అమ్మబుద్ధి కాక ఉంచుకున్నాము. అందులో తర్వాతి మోడల్ అంబాసిడర్‌లో వచ్చిన 1800 ఇసుజు ఇంజన్ పెడదామని మా తమ్ముడు అంటున్నాడు. వైరింగ్ మొత్తం మార్చాలి, చాలా పని అంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, మీ తమ్ముడు మంచి ఇంజన్‌నే అనుకున్నాడు. ఇసుజులో కార్బురేటర్‌తో వచ్చిందీ, తర్వాత ఎంపీఎఫ్ఐతో వచ్చిందీ ఉన్నాయి, కార్బురేటర్‌ది తీసుకోమనండి. దానికి సెల్ఫ్, కాయిల్, ఆల్టర్నేటర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్చు, టెంపరేచర్, కార్బురేటర్ మీది సొలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు), రివర్స్ లైటు స్విచ్చు, ఇంతకు మించి వైర్లు ఉండవు. చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్‌కు పెద్ద పని కాదు.

అయినా వైరింగ్ మార్చమనే నేనూ చెప్తాను, ఇంజన్ కోసం కాదు, వైర్ల వయసు చూసి. బానెట్ ఎత్తి హెడ్‌లైటు వెనక ఒక వైరును మెల్లగా వంచి చూడండి. పైతొడుగు మెత్తగా వంగితే పర్వాలేదు, చిట్లి పొట్టులా రాలితే మాత్రం అది ఒకదానికొకటి తగిలి షార్ట్ అవడానికి ఒక్క గతుకు చాలు. కొత్త కిట్టు వేయించేటప్పుడే లైట్లకు రిలేలు, ఒక్కో దానికి ఒక్కో ఫ్యూజు పెట్టించండి, ఆ పాత బండ్లలో ఫ్యూజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉండేవి.

ఆల్టర్నేటర్ దగ్గర ఒక జాగ్రత్త. పాత దానికి కట్‌అవుట్ (ఛార్జింగ్‌ను అదుపు చేసేది) బయట వేరుగా ఉంటుంది, కొత్త దానికి లోపలే ఉంటుంది, కాబట్టి బయటిది తీసేయాలి. డ్యాష్‌బోర్డులో వెలిగే ఎర్ర ఛార్జింగ్ బల్బు ఉత్త సూచన కోసం కాదు, ఆ బల్బు గుండా పోయే కాస్త కరెంటుతోనే ఆల్టర్నేటర్ మేల్కొంటుంది. బల్బు పోయినా, దాని బదులు ఎల్ఈడీ పెట్టినా ఛార్జింగ్ అందుకోకపోవచ్చు. ఇంకా పాతవి, డైనమో కాలం నాటి బండ్లలో బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కట్టినవి కూడా ఉండేవి, మీది అలాంటిది కాదని చూసుకున్నాకే ఆల్టర్నేటర్ కలపమనండి, లేకపోతే దాని డయోడ్లు ఒక్క క్షణంలో పోతాయి. నాన్నగారి బండి కదా, విప్పిన పాత మీటర్లు పారేయకండి, అవన్నీ ఈ ఇంజన్‌తో పనిచేయించవచ్చు.

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రి, బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. మా ఎంఎం 540 జీపులో స్కార్పియో కామన్ రైల్ ఇంజన్ (ఈసీఎంతో నడిచే డీజిల్ ఇంజన్) దించాలని ఉంది. ఇంజన్ ఒక్కటే అమ్ముతామంటున్నారు, ఈసీఎం బయట తెచ్చుకోమంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఇంజన్ ఒక్కటే అయితే తీసుకోవద్దు తమ్ముడూ. కామన్ రైల్ ఇంజన్ అంటే ఒక్క ఇనుప ముద్ద కాదు, ఒక కుటుంబం అనుకో. ఈసీఎం, యాక్సిలరేటర్ పెడల్, తాళం, ఇమ్మొబిలైజర్ పెట్టె (వేరే తాళంతో ఇంజన్ నడవకుండా ఆపేది), బ్రేకు స్విచ్చు, క్లచ్ స్విచ్చు, వీలైతే డ్యాష్‌బోర్డు మీటరు, ఇంజన్ నుంచి ఫ్యూజు పెట్టె దాకా ఎక్కడా కత్తి పెట్టని వైరింగ్, ఇవన్నీ ఒకే బండివి కావాలి. దాని పెడల్‌కు కేబులు ఉండదు, రెండు సెన్సార్లు ఉంటాయి, రెండూ చెప్పేది ఒకటి కాకపోతే ఈసీఎం రేస్ ఇవ్వదు. తాళం చిప్పు కలవకపోతే చాలా బండ్లలో ఇంజన్ అందుకుని రెండు సెకన్లకే ఆగిపోతుంది, లేదా అసలు అందుకోదు. ఒక బండి ఈసీఎం, ఇంకో బండి తాళం తెచ్చుకుని, వాటిని కలిపించడానికి బెంగళూరు చుట్టూ తిరిగిన వాళ్లు నాకు తెలుసు.

వైరింగ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి నేను మోసపోయిన సంగతే రాస్తాను. చాలా ఏళ్ల కిందట ఒక స్క్రాపు షాపులో ఇంజన్, ఈసీఎం బేరం కుదిరింది, "వైరింగ్ కూడా లోడులో ఉంది" అన్నారు. ఇంటికొచ్చి గోనె విప్పితే ప్రతి కప్లర్ దగ్గరా నాలుగు అంగుళాలు వదిలి కట్టరుతో కత్తిరించి ఉంది. తొందరగా ఇంజన్ ఊడదీయడానికి వాళ్లకు అది సులువు. కొన్ని వైర్లకు రంగులు కూడా ఒకటే. ఒక్కో పిన్నూ ఎక్కడికి పోతుందో డయాగ్రం ముందు పెట్టుకుని మీటరుతో వెతుక్కుంటూ నేను కూర్చున్న రోజులు పదకొండు. ఇప్పుడు ఎవరికైనా ఒకటే చెప్తాను, ఇంజన్‌కు వంద బేరం చేయి, వైరింగ్ దగ్గర మాత్రం బేరం చేయకు, కుదిరితే ఆ బండి నిలబడి ఉండగానే నీ ఎలక్ట్రీషియన్‌ను తీసుకుపోయి మీ చేత్తోనే ఊడదీయించుకో, ఊడదీసేటప్పుడు ప్రతి కప్లర్‌కూ చీటీ కట్టి ఫోటో తీయి.

నీ పని ఫ్యాక్టరీకీ క్వారీకీ తిరగడమే అయితే నా మాట విని బొలెరోల్లో వచ్చిన పాత డీఐ ఇంజన్ చూసుకో. అందులో పంపు మెకానికల్, ఈసీఎం లేదు. సెల్ఫ్, ఆల్టర్నేటర్, హీటరు ప్లగ్గులు, డీజిల్ ఆపే సొలెనాయిడ్, మీటర్లు, అంతే. మీ బండల దుమ్ము వానలో తడిసి గట్టిపడితే సిమెంటు మాదిరి కప్లర్లలో కూర్చుంటుంది, అక్కడ సెన్సార్లు ఎంత తక్కువ ఉంటే అంత నిశ్చింత.

ఏ ఇంజన్ పెట్టినా ఒక పని మాత్రం తప్పదు. మీ జీపు డ్యాష్‌బోర్డులో మైనస్ 30 నుంచి ప్లస్ 30 దాకా ఉండే ఆంపియర్ మీటరు ఉందేమో చూడు. బండి కరెంటంతా ఆ మీటరు గుండానే పోయి వస్తుంది. కొత్త ఆల్టర్నేటర్లు 70, 90 ఆంపియర్లు ఇస్తాయి, ఆ మీటరూ దాని వెనక వైర్లూ అంత మోయలేవు, ఎర్రగా కాలుతాయి. ఆల్టర్నేటర్ నుంచి మందపాటి వైరును పెద్ద ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీకి వేయించి, ఆ ఆంపియర్ మీటరు చోట వోల్టు మీటరు పెట్టుకో.

కామన్ రైలే కావాలని నిర్ణయించుకుంటే మీ వాళ్లకు ఒక మాట చెప్పు. ఇంజన్ నడుస్తుండగా డీజిల్ పైపు నట్టు వదులు చేసి చూడటం పాత ఇంజన్లలో అలవాటు. ఇందులో ఆ పైపుల్లో వెయ్యి బార్ పైన ప్రెషర్ ఉంటుంది, సన్నటి చిమ్ము చర్మంలోకి దిగిపోతుంది, చెయ్యి పోయే ప్రమాదం. ఇంజెక్టర్ వైర్లలో కూడా 12 వోల్టులు కాదు, చాలా ఎక్కువ వస్తుంది, నడిచేటప్పుడు ముట్టుకోవద్దు.

ప్రశ్న: కడప నుంచి. ఎంపీఎఫ్ఐ ఇంజన్ పెట్టాక పాత టెంపరేచర్ మీటరు, ఆర్‌పీఎం మీటరు పనిచేయడం లేదు. టెంపరేచర్ మీటరు వైరును కొత్త ఇంజన్ సెన్సారుకు కలపమంటున్నారు, కలపొచ్చా? వైర్ల రంగుల పట్టిక ఏదైనా ఉందా?

జవాబు: కలపొద్దు. ఆ సెన్సారు ఈసీఎం సొత్తు. మీటరు వైరు దానికి తగిలిస్తే అంకె మారిపోతుంది, ఇంజన్ చల్లగా ఉందో వేడిగా ఉందో ఈసీఎంకు తెలియకుండా పోయి పెట్రోలు ఎక్కువో తక్కువో చల్లుతుంది. పాత ఇంజన్ నుంచి మీటరు సెన్సారు విప్పి, కొత్త ఇంజన్‌లో ఖాళీగా ఉన్న నీళ్ల రంధ్రానికి లేత్‌లో అడాప్టర్ తిప్పించి బిగించు, ఇంజన్‌కు ఒకటి, మీటరుకు ఒకటి. పాత ఆర్‌పీఎం మీటరు ఒకే కాయిల్ ఉన్న బండి కోసం చేసింది, కొత్త ఇంజన్‌లో రెండు కాయిళ్లు ఉంటే సగమే చూపిస్తుంది. ఈసీఎంలో మీటరు కోసం వేరే పిన్ను ఉందేమో డయాగ్రంలో చూడు. రంగులు కంపెనీకి ఒక రకం, ఒకే కంపెనీలో మోడల్‌కు ఒక రకం, కాబట్టి పట్టిక అడగకు, నీ ఇంజన్ ఏ బండిదో ఆ బండి, ఆ సంవత్సరం డయాగ్రమే కావాలి.

ప్రశ్న: నేను కర్నూలులో రిటైర్డ్ టీచర్ని. ఇంజన్ మారిస్తే ఆర్‌సీకి ఇబ్బంది ఉంటుందా నాయనా?

జవాబు: ఉంటుంది సార్. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది, పాత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు దాన్ని చూస్తారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ వేసుకోవడం వేరు, దానికి అనుమతి అడగవచ్చు. వేరే రకం ఇంజన్ అయితే చాలా కష్టం. ఇన్సూరెన్సు వాళ్లు కూడా క్లెయిము వచ్చినప్పుడు నంబరు కలవలేదని తిప్పి పంపే వీలుంది. అందుకని ఇంజన్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీ పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, మీ బండికి ఆ ఇంజన్ ఒప్పుకుంటారో లేదో అడగండి. ఒప్పుకుంటే కాగితం మీద అనుమతి తీసుకోండి. తర్వాత ఇంజన్ కొన్నప్పుడు దాని నంబరు రాసిన బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి, ఆ బిల్లు అసలు ఇంట్లో పెట్టి నకలు బండిలో ఉంచుకోండి.